మడిమ కాడ రెండో దారం

మేజోళ్ళను మా ఇంట్లో మోజాలు అనేవాళ్ళం. వర్లీ బీడీడీ చాళ్ళలో మరాఠీవాళ్ళ నడుమ పెరిగిన పిల్లలం, మా మాటల్లో సగం వాళ్ళవే.

1982 జనవరి 18న మిల్లుల సమ్మె మొదలైనప్పుడు నేను ఆరో తరగతి. మా బాపు సాంచల ఖాతాలో నేతపని. దత్తా సామంత్ పేరు చాళ్ళో ప్రతి నోటా వినపడేది. రెండు నెలల్లో తేలిపోతుందనుకున్నది ఏడాది దాటింది. తర్వాత మిల్లు గేటు తెరిచిండ్రు గాని లోపలికి పిలిచినవాళ్ళలో బాపు లేడు. కరీంనగర్ దిక్కు ఊరికి పోదామంటే అక్కడ మాకు మిగిలింది ఒక కూలిన గోడే. అప్పుడు మా మేనమామ ఎక్కడినుంచో ఒక పాత మోజాల మిషన్ తెచ్చి, మా 160 చదరపు అడుగుల గదిలో కిటికీ కింద బల్లకు బిగించిండు.

చూడటానికి నిలబెట్టిన డబ్బాలా ఉంటది. చుట్టూ గాడుల్లో 72 సూదులు. ఒక్కో సూది మూతికి కొక్కెం, దాని కింద ఆడే చిన్న నాలుక. హ్యాండిల్ తిప్పితే సూది లేచి దారం అందుకుంటది, దిగేటప్పుడు పాత ఉచ్చు నాలుకను మూసి పైనుంచి జారిపోతది. కింద గొట్టంలా మోజా దిగుతుంటే బరువు వేలాడదీయాలి. లేకుంటే ఉచ్చులు పైకెక్కి సూదులను ఇరికిస్తయి.

గొట్టం నేయడం పిల్లలాట. పనంతా మడిమ దగ్గరే. ముందువైపు 36 సూదులను పైకెత్తి పక్కన పెట్టి, వెనక 36 మీదనే హ్యాండిల్‌ను ఇటు సగం అటు సగం తిప్పాలి. తిప్పినప్పుడల్లా ఒక సూదిని పైకి లేపాలి. 12 మిగిలేదాకా అట్లా తగ్గించి, మళ్ళీ ఒక్కొక్కటే కిందికి దించాలి. అప్పుడు సంచిలా మడిమ వస్తది. మూల దగ్గర కన్నం పడకుండా కింది వరుసలోని ఒక ఉచ్చును ఎత్తి పక్క సూదికి తగిలించాలి. మీ ఇంట్లో ఇట్లాంటి మిషన్ ఉంటే ఈ ఒక్క పని మరవకండి.

బాపు రెండు రోజులు ఊరికే కూర్చుని చూసిండు. మూడో రోజు ఒక నైలాన్ ఉండ కొనుక్కొచ్చిండు. "గుడ్డ చిరిగేది రాపిడి ఉన్నకాడ. మడిమల, వేళ్ళకాడ నూలుతోపాటు దీన్ని కలుపున్రి. కన్ను జర బిగువు చెయ్యున్రి" అన్నడు. నూలు ఒక్కటే అయితే బూటు రాపిడికి పీచు లేచి పోతది. నైలాన్ ఆ రాపిడికి ఆగుతది.

అవ్వకు కోపమొచ్చింది. నూలు వ్యాపారి ఇస్తడు, నైలాన్ మన జేబులోంచి. డజనుకు 24 మోజాలు, ఒక్కోదానికి మడిమ, వేళ్ళు రెండు చోట్ల. అంటే 48 సార్లు కలపాలి, 48 సార్లు తెంపాలి. "సేటు డజను లెక్క చూస్తడు గాని మడిమ చూస్తడా?" అనేది. బాపు జవాబు చెప్పలేదు. ఆయన మిల్లులో బట్ట మడతపెట్టేకాడ ఒక్క పోగు తప్పితే ఆ డామేజీ జీతంలో కోసేవాళ్ళు. ఆ భయమో, ఆ పని మీద పట్టుదలో, నాకిప్పటికీ తెలియదు. మొత్తానికి నైలాన్ కలిపినం.

1984లో బాపుకు ఒక గోదాములో వాచ్‌మన్ పని దొరికింది. రాత్రి పాళీ, పన్నెండు గంటలు బూట్లేసుకుని నిలబడాలి. ఆ శీతాకాలంలో అన్న పదో తరగతి పరీక్ష ఫీజు కట్టాలి. సేటు శనివారానికి ఆరు డజన్లు కావాలన్నడు. అవ్వ జ్వరంతో పడిపోయింది. మిషన్ మీద నేనొక్కదాన్నే. గురువారం రాత్రి లెక్క వేసుకుంటే డజనున్నర తక్కువ. ఆ డజనున్నరలో నేను నైలాన్ కలపలేదు. పైకి తేడా తెలియదు. సేటుకూ తెలియలేదు. కాని అందులో ఒక డజనుకు మిషన్ నూనె మరకలంటినయని వాపస్ ఇచ్చిండు. మరకైతే ఏమాయె, బూట్లో ఎవరికి కనపడతదని బాపు ఒక జత వేసుకుని డ్యూటీకి పోయిండు.

పదిహేను రోజులు గడిచినయో లేదో, ఒక పొద్దున బాపు గడపలో కూర్చుని బూటు విప్పితే రెండు మడిమలూ బయటికి కనపడుతున్నయి. కుడి మడిమ మీద పొక్కు పగిలి, మోజా దానికి అంటుకుపోయింది. అవ్వ గోరువెచ్చని నీళ్ళు పోసి మెల్లగా ఊడదీసింది. "పాడు నూలు ఇచ్చిండు సేటు" అని తిట్టింది. నేను మిషన్ పక్కనే నిలబడ్డ, నోరు రాలేదు.

బాపు చినిగిన మోజాను వెలుతురుకు పట్టి మడిమ అంచును గోటితో గీకి చూసిండు. తర్వాత కిటికీలోని నైలాన్ ఉండను అరచేతిలో వేసుకుని బరువు చూసినట్టు రెండుసార్లు ఎగరేసిండు. వారం ముందు ఎంత ఉందో అంతే ఉంది. నేతగాడికి ఉండ బరువు తెలియకుండా ఉంటదా? నా దిక్కు చూడలేదు. ఉండను తీసుకొచ్చి మిషన్ ఎడమపక్క, నా చేతికి అందేచోట పెట్టి, "బిడ్డా, ఛాయ్ పెట్టు" అని గోడకు ఒరిగిండు.

బాపు పోయి పదకొండేండ్లాయె. ఆ సంగతి నేను ఆయనతో ఎత్తలేదు, ఆయనా ఎత్తలేదు. అవ్వ ఈ పత్రిక చదివించుకుని వింటది కాబట్టి, సేటు నూలు మంచిదేనని ఈ నెల ఆమెకు తెలుస్తది.