గ్రహణం చూడ్డానికి కార్గిల్ దాకా

1980 ఫిబ్రవరి 16న హైదరాబాద్ దగ్గరి జపాల్-రంగాపూర్ వేధశాలలో శాస్త్రవేత్తలు సంపూర్ణ సూర్యగ్రహణాన్ని పరిశీలిస్తుంటే, మలికిపురంలో మా అమ్మ ఆవకాయ జాడీల మీద దర్భలు వేసి తలుపులు బిడాయించింది. మా ఊళ్లో కనిపించేది పాక్షికమే. అదీ చూడలేదు.

ఇప్పుడు అదే అమ్మ ‘ఒక్కసారి చూపించరా’ అంటోంది. మన దేశంలో మళ్లీ సంపూర్ణ గ్రహణం 2034 మార్చి 20న, కార్గిల్ ప్రాంతంలో. చించినాడ వంతెన దాటి గన్నవరం, అక్కణ్నుంచి విమానంలో శ్రీనగర్ చేరడం తేలికే. ఆపైన రెండొందల కిలోమీటర్లు కారులో. మధ్యలో జోజిలా కనుమ. మార్చిలో మంచు పడితే దారి మూసేస్తారు, నాలుగు రోజుల ముందే బయల్దేరాలి. గ్రహణం పొద్దు వాలే వేళ గనుక పడమట కొండ అడ్డులేని చోటు చూసుకోవాలి. కళ్లకు గ్రహణం అద్దాలు తప్పనిసరి. సూర్యుడు పూర్తిగా మరుగైన కాసేపే వాటిని తీయాలి.

అమ్మకి అప్పటికి డెబ్బై తొమ్మిది. అంత ఎత్తుకి డాక్టరు సరేనంటేనే ప్రయాణం. ఆవిడ మాత్రం ఇప్పట్నుంచే రోజూ కాలవగట్టు మీద రెండు మైళ్లు నడుస్తోంది!