ముత్యం ఊపిరి లెక్క

మా ముత్యానికి పదకొండేళ్లు. తెల్లటి స్పిట్జ్. మాతోపాటు నాలుగు ఊళ్లు మారింది. కోల్‌కతా వచ్చాక రాత్రిళ్లు దగ్గడం మొదలుపెట్టింది. బెల్గాచియాలో 1893 నాటి పశువైద్య కళాశాల ఉంది. అక్కడి ఆసుపత్రికి తీసుకెళ్తే డాక్టరుగారు స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నారు. గుండె చప్పుళ్ల మధ్య ‘ష్’మనే శబ్దం ఉందన్నారు. ఎక్స్‌రేలో గుండె పెద్దదై కనిపించింది, ఊపిరితిత్తుల్లో నీరు చేరింది.

గుండెలో ఎడమవైపు పైగదికీ కిందిగదికీ మధ్య తలుపులాంటి కవాటం ఉంటుంది, దాని పేరు మైట్రల్. ఆ గదుల్ని మీరు ఏట్రియం, వెంట్రికిల్ అని చదువుతారు. తెలుగులో కర్ణిక, జఠరిక. కర్ణం అంటే చెవి, జఠరం అంటే పొట్ట. (తెలుగు టీచర్ని కదా, చెప్పకుండా ఉండలేను.) చిన్నజాతి కుక్కలు ముసలివయ్యేకొద్దీ ఆ కవాటం రేకులు మందమై సరిగ్గా మూసుకోవు. రక్తం వెనక్కి కారుతుంది. హార్ట్ ఫెయిల్యూర్ అంటే గుండె ఆగిపోవడం కాదు, పనికి చాలకపోవడం.

మందులు ఆ తలుపును బాగుచేయవు. పిమోబెండాన్ గుండె కండరానికి బలమిచ్చి రక్తనాళాల్ని సడలిస్తుంది. రోజుకు రెండుసార్లు, ఖాళీ కడుపున వేయాలి. ఫ్యూరోసమైడ్ ఒంట్లో చేరిన నీటిని మూత్రంగా పంపేస్తుంది. అందుకే ముత్యం గిన్నెలో నీళ్లు ఎప్పుడూ నిండుగా ఉంచుతాం, రోజుకు ఆరుసార్లు మెట్లు దిగుతాం. వీటికి తోడు బెనజెప్రిల్, స్పైరోనోలాక్టోన్. మోతాదు బరువును బట్టి, రక్తపరీక్షను బట్టి డాక్టరే నిర్ణయించాలి.

2008లో వచ్చిన ‘క్వెస్ట్’ అనే పరిశోధనలో ఇలాంటి కుక్కల్ని రెండు గుంపులు చేసి చూశారు. జబ్బు ముదిరి చనిపోవడమో, మందు పనిచేయకపోవడమో జరిగేదాకా పట్టిన కాలం, మధ్యస్థ విలువ లెక్కన, బెనజెప్రిల్‌తో 140 రోజులు, పిమోబెండాన్‌తో 267 రోజులు. మా బాబు నాలుగో తరగతి. క్యాలెండరు తీసి 267 లెక్కపెట్టాడు. నేను ఆపలేదు. కానీ మధ్యస్థం అంటే గడువు కాదని, దాదాపు సగం కుక్కలు ఆ రోజు దాటి వెళ్తాయని గీత గీసి చూపించాను. కాసేపు ఆలోచించి పెన్సిలు పక్కన పెట్టాడు.

ఇప్పుడు వాడికో పని ఉంది. ముత్యం గాఢంగా నిద్రపోయాక పొట్ట పైకి లేచి దిగితే ఒకటి. అర నిమిషం లెక్కపెట్టి రెట్టింపు చేస్తాడు. ముప్పై లోపుంటే ఫరవాలేదు. దాటితే మళ్లీ లెక్క, అప్పుడూ దాటితే డాక్టరుకు ఫోను. నీరు మళ్లీ చేరుతోందని దగ్గుకన్నా ముందే ఊపిరి చెబుతుంది.

మళ్లీ బదిలీ ఎప్పుడైనా రావచ్చు. మీకూ తెలుసు, క్వార్టర్సులో కొందరు కుక్కను వాచ్‌మన్‌కు వదిలేసి వెళ్తారు. రెండుపూటలా మందు కావలసిన కుక్కను అలా వదలడం నాకు నచ్చదు. రైల్లో ఫస్ట్ ఏసీ కూపే మొత్తం మన పేర దొరికితే కుక్క మనతోనే రావచ్చు. చేతిసంచిలో నెలకు సరిపడా మాత్రలు, ఎకో రిపోర్టు, బాబు రాసే నోటుబుక్కు ఉండాలి. అందులో నిన్న రాత్రి అంకె 24.