పాత డీజిలు కారు కొనేముందు

రక్తపోటు, మధుమేహం గురించి వ్రాసే ఈ వృద్ధ వైద్యుడు కార్ల గురించి వ్రాయడమేమిటని పాఠకులకు ఆశ్చర్యం కలగవచ్చు. చివరి వరకు చదివితే కారణం బోధపడుతుంది.

మా తమ్ముడి కుమారుడు ఒక బ్యాంకులో అధికారి. వయస్సు నలభై ఆరు. ఇటీవల అతనికి గుంటూరు నుండి ఒంగోలుకు బదిలీ అయినది. తల్లి పక్షవాతంతో మంచంలో ఉన్నది. భార్య గుంటూరులో ఉపాధ్యాయురాలు. కాపురం మార్చే వీలు లేదు. రైలు వేళలు, బ్యాంకు వేళలు కలియక, రోజూ కారులో వెళ్ళి రావాలని నిశ్చయించుకున్నాడు. చిలకలూరిపేట, మార్టూరు, మేదరమెట్ల మీదుగా ఒకవైపు సుమారు 110 కిలోమీటర్లు. "పెదనాన్నా, ఐదు లక్షలలో ఒక పాత డీజిలు కారు చూడాలి. మీరు కూడా రండి" అని అడిగాడు. సర్వీసులో ఉన్నంత కాలం నేను పాత కార్లే నడిపాను కనుక, ఆ విషయంలో నా మాటకు మా ఇంట్లో కొంత విలువ ఉన్నది.

ముందుగా డీజిలు అవసరమా అని లెక్క వేశాము. రోజుకు 220 కిలోమీటర్లు, నెలకు 24 పనిదినాలు అనుకుంటే 5,280 కిలోమీటర్లు. డీజిలు కారు లీటరుకు 20, పెట్రోలు కారు 15 కిలోమీటర్లు ఇస్తాయనుకుంటే 264 లీటర్ల డీజిలు, లేదా 352 లీటర్ల పెట్రోలు కావాలి. మా ఊరి ధరలలో నెలకు పన్నెండు వేల రూపాయలకు పైగా తేడా వచ్చింది. ఈ లెక్క అందరికీ వర్తించదు. రోజుకు పాతిక కిలోమీటర్లు తిరిగేవారు డీజిలు జోలికి పోకపోవడమే మంచిది.

దానికి ఖర్చు ఒక్కటే కారణం కాదు. 2020 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చిన బి.ఎస్.6 ప్రమాణాల వలన, ఆ తరువాతి డీజిలు కార్లలో పొగలోని మసిని పట్టి ఉంచే వడపోత అమర్చారు. దానిని డి.పి.ఎఫ్. అంటారు. పట్టిన మసిని అది అప్పుడప్పుడు కాల్చి వేసుకోవాలి. అందుకు తగిన వేడి పుట్టాలంటే బండి కొంతసేపు ఆగకుండా మంచి వేగంతో నడవాలి. ఊరిలోనే తిరిగిన బండిలో మసి కాలక వడపోత మూసుకుపోతుంది, ఒక్కొక్కప్పుడు డీజిలు ఇంజను ఆయిలులో కలిసి దానిని పలచన చేస్తుంది. కనుక బండి ఎన్ని కిలోమీటర్లు తిరిగిందన్నదే కాక, ఎక్కడ తిరిగిందన్నది కూడా అడగాలి.

ఈ వడపోత మన ఊపిరితిత్తుల కోసం వచ్చినది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లో డీజిలు పొగను మనుషులకు క్యాన్సర్ కలిగించే వాటి మొదటి వర్గంలో చేర్చింది. కొందరు మెకానిక్కులు మూసుకుపోయిన వడపోతను పీకివేసి ఖాళీ గొట్టం బిగిస్తారు. అటువంటి బండి ఎంత చవకగా వచ్చినా వద్దని చెప్పాను.

మేము మూడు కార్లు చూశాము. మొదటిది ఢిల్లీ రిజిస్ట్రేషన్ ఉన్న పెద్ద బండి, పదకొండేళ్ళది. ధర చూస్తే ఆశ కలిగింది. పదేళ్ళు దాటిన డీజిలు వాహనాలు ఢిల్లీ పరిసరాలలో తిరగరాదని జాతీయ హరిత ట్రైబ్యునల్ 2015లో ఆదేశించింది. సుప్రీంకోర్టు 2018లో దానిని సమర్థించింది. అక్కడ తిరగలేని బండ్లు ఇతర రాష్ట్రాలకు చవకగా రావడం అప్పటి నుండి ఎక్కువైనది. నిరభ్యంతర పత్రం, ఇక్కడి పన్ను, మళ్ళీ రిజిస్ట్రేషన్ అన్నీ కలిపితే చవక కాదని తేలింది.

రెండవది అద్దంలా మెరుస్తున్న కారు. మీటరులో 48,000 కిలోమీటర్లు. క్లచ్ పెడలు మీది రబ్బరు మాత్రం నున్నగా అరిగిపోయి ఉన్నది. స్టీరింగ్ చక్రం తోలు పాలిపోయింది. మేము వెళ్ళేసరికే ఇంజను వేడిగా ఉన్నది. డీజిలు ఇంజనును చల్లగా ఉన్నప్పుడు మొదటిసారి స్టార్టు చేసి చూడాలి, దాని జబ్బులు అప్పుడే బయటపడతాయి. పొగ నీలంగా వస్తే ఆయిలు కాలుతున్నది. నల్లగా వస్తే ఇంధనం సరిగా మండటం లేదు. తెల్లపొగ ఎంతసేపటికీ తగ్గకపోతే కూలెంట్ లోపలికి పోతున్నదేమో చూడాలి. మాతో వచ్చిన మెకానిక్, ఇంజను నడుస్తుండగా ఆయిలు పోసే మూత తీసి చూపించాడు. పొగ గుప్పుమని పైకి కొట్టింది. లోపల అరుగుదల ఎక్కువగా ఉన్నదని అర్థం. ఏమీ మాట్లాడకుండా తిరిగి వచ్చాము.

మూడవది ఒక విశ్రాంత అధ్యాపకునిది. 2019 చివరలో తయారైన మారుతి డిజైర్. మీటరులో 92,000 ఉన్నా, ప్రతి సర్వీసుకూ రశీదు ఉన్నది. వడపోత బెడద లేని బి.ఎస్.4 బండి. 2020 ఏప్రిల్ నుండి మారుతి సంస్థ డీజిలు కార్లు మానివేసినా, ఈ 1.3 లీటర్ల ఇంజను పలు కంపెనీల కార్లలో వాడినది కనుక పని తెలిసిన మెకానిక్కులు ప్రతి ఊరిలోనూ ఉన్నారు. 2019 జూలై తరువాత తయారైన కార్లకు డ్రైవరు ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి చేశారు, కనుక ఆ తేదీని కూడా చూసుకున్నాము. టైరు పక్కన ముద్రించిన నాలుగంకెలలో మొదటి రెండు తయారైన వారం, తరువాతి రెండు సంవత్సరం. అవి పాతబడి ఉన్నాయి. మార్చే ఖర్చు ధరలో తగ్గించమన్నాము, ఆయన ఒప్పుకున్నారు.

మావాడు నడుపుతుండగా చిలకలూరిపేట వరకు వెళ్ళి వచ్చాము. నడుముకు ఆసనం ఆనుతున్నదా, క్లచ్ తొక్కినప్పుడు మోకాలు పూర్తిగా చాచవలసి వస్తున్నదా అని నేను చూస్తున్నాను. రోజూ నాలుగైదు గంటలు కూర్చునేవానికి ఇవి చిన్న విషయాలు కావు. బండిలో ఏ లోపమూ కనిపించలేదు. తిరుగు ప్రయాణంలో, మధ్యాహ్నం మూడు గంటల వేళ, మావాడు వరుసగా ఆవులించడం మొదలుపెట్టాడు. ఎడ్లపాడు వద్ద బండి తెల్లగీత దాటి పక్కకు జరిగింది. నేను పేరు పెట్టి పిలిచాను. ఉలిక్కిపడి సర్దుకున్నాడు.

టీ కొట్టు వద్ద ఆపించి అడిగాను. రాత్రి ఏడు గంటలు పడుకున్నా ఉదయం తలనొప్పితో లేస్తాడట. గురక వలన భార్య పక్క గదిలో పడుకుంటున్నదట. బరువు 98 కిలోలు, చొక్కా కాలరు 17 అంగుళాలు, రక్తపోటుకు మాత్రలు వాడుతున్నాడు. ఇది నిద్రలో శ్వాస ఆగి ఆగి వచ్చే జబ్బు కావచ్చునని, పరీక్ష అయ్యే వరకు కారు కొనవద్దని చెప్పాను. అతను నవ్వి, "మంచి బండి చేయి జారుతుంది పెదనాన్నా. మీ అంబాసిడర్‌లా దీనికి బ్రేకులు పడకుండా పోవు కదా" అన్నాడు.

ఆ మాట నన్ను చాలాసేపు మాట్లాడనివ్వలేదు.

1994లో నేను పల్నాడులోని ఒక ఆసుపత్రిలో పనిచేస్తూ, గుంటూరు నుండి పాత డీజిలు అంబాసిడర్‌లో వెళ్ళి వచ్చేవాడిని. ఒక రాత్రి రెండు సిజేరియన్లు చేసి, తెల్లవారుజామున ఇంటికి బయలుదేరాను. మిరపకాయల బస్తాలతో వెళుతున్న ఎద్దుల బండిని వెనుక నుండి గుద్దాను. ఒక ఎద్దు అక్కడే చనిపోయింది. బండి తోలే మనిషికి తొడ ఎముక విరిగింది. అదే కారులో ఆసుపత్రికి తీసుకువెళ్ళాను, వైద్యం చేయించాను, ఎద్దు ఖరీదు ఇచ్చాను. ఆయన మళ్ళీ నడిచాడు కాని, ఆ కాలు కుంటుపడింది. బ్రేకు పడలేదని ఆయనతో చెప్పాను, ఇంట్లోనూ చెప్పాను. ముప్ఫై ఏళ్ళుగా అందరూ అదే నమ్మారు. ఆ కారు బ్రేకులు బాగానే ఉన్నాయి. నేను నిద్రపోయాను, బ్రేకు తొక్కనే లేదు.

ఈ నిజం మొదటిసారి ఆ టీ కొట్టు వద్ద మావాడికి చెప్పాను. అతను గ్లాసు కింద పెట్టి, కొంతసేపటికి "పరీక్ష ఎక్కడ చేయించుకోవాలి?" అని అడిగాడు. అక్కడి నుండి గుంటూరు వరకు నేనే నడిపాను.

ఊపిరితిత్తుల నిపుణుని వద్ద నిద్ర పరీక్ష జరిగింది. గంటకు 28 సార్లు శ్వాసకు ఆటంకం కలుగుతున్నట్లు తేలింది. రాత్రిపూట ముక్కుకు అమర్చుకునే సి-ప్యాప్ యంత్రం ఇచ్చారు. మొదటి పది రోజులు విసుక్కున్నాడు. తరువాత ఉదయపు తలనొప్పి తగ్గింది, పగటి మత్తు తగ్గింది. వైద్యుడు ఇక నడపవచ్చునని చెప్పే వరకు ఒంగోలులో స్నేహితుని గదిలో ఉండి, వారాంతాలలో బస్సులో వచ్చాడు. ఈలోగా అధ్యాపకుని కారును వేరొకరు కొనుక్కున్నారు. నెల తరువాత దొరికిన కారుకు ఇరవై వేలు ఎక్కువైనది. రంగు మా కోడలికి నచ్చలేదు. ఇప్పుడు ఆ కారులోనే వెళ్ళి వస్తున్నాడు. దారిలో ఒకసారి ఆగి పది నిమిషాలు నడుస్తాడు. బ్యాంకులో రాత్రి పొద్దుపోతే ఒంగోలులోనే ఉండిపోతాడు.

పాత కారు కొనేవారు మెకానిక్కును వెంట తీసుకువెళ్ళండి. రిజిస్ట్రేషన్ పత్రం, అప్పు తీరిన పత్రం, బీమా, చలాన్లు చూడండి. ఫారం 29, 30 మీద సంతకాలయ్యాక పేరు మార్పును వాయిదా వేయవద్దు. వీటితోపాటు, ఆ కారు నడపబోయే మనిషి గురకపెడతాడేమో, పగలు కునుకుతాడేమో ఇంట్లోవారిని అడగండి. నిద్ర వస్తుంటే అద్దం దించడం, పాటలు పెట్టడం చాలదు. సురక్షితమైన చోట బండి ఆపి, అద్దం కొద్దిగా దించి, ఇంజను కట్టివేసి ఇరవై నిమిషాలు నిద్రపోవాలి. ఇంజను నడుస్తున్న మూసిన కారులో నిద్రించడం ప్రాణాంతకం కావచ్చు.

ఆ బండి తోలిన మనిషి ఇప్పుడు లేడు. ఆయనకు చెప్పవలసిన నిజం చెప్పలేకపోయాను. అందుకే మీకు చెబుతున్నాను.