ఇఫ్తార్‌కు గంట ముందే మోగిన అలారం

మా ఖాందాన్ కోసం నమాజ్ వక్త్‌లు చెప్పే చిన్న యాప్ ఒకటి రాశాను. సర్వర్‌లో పీహెచ్‌పీ టైము లెక్కకట్టి పంపుతుంది, ఫోను తన గడియారం చూసుకుని ఆ టైముకు మోగుతుంది.

2023 ఏప్రిల్ 28, జుమా. ఇక్కడ రాత్రి తొమ్మిదైంది. కైరోలో చదువుకుంటున్న తమ్ముడు ఫోన్ చేశాడు. షవ్వాల్ రోజాల్లో ఉన్నాడు.

"భాయ్‌జాన్, నీ ఇఫ్తార్ అలారం మోగింది. ఖజూర్ నోటి దాకా వెళ్లింది. బాల్కనీలో చూస్తే ఇంకా ఎండ ఉంది!"

నా గుండె ఝల్లుమంది. మగ్రిబ్‌కు ఇంకా గంట ఉంది.

ఆ రోజు నుంచే ఈజిప్ట్ గడియారాలు గంట ముందుకు జరిగాయి. 2014 తర్వాత మళ్లీ ఇదే మొదలు. తమ్ముడి ఫోనుకు ఆ ఖబర్ అందింది, నా సర్వర్‌కు అందలేదు. 1945 తర్వాత మన గడియారం జరిగింది లేదు కాబట్టి, హైదరాబాద్‌లో కూర్చున్న నాకూ ఈ ఫికర్ ఎప్పుడూ రాలేదు.

ఏ దేశం ఎప్పుడు గడియారం మార్చిందో రాసిపెట్టే ఉమ్మడి ఖాతా ఒకటి ఉంది. దాన్నే టీజెడ్ డేటాబేస్ అంటారు. చాలా లాంగ్వేజీలు దాని నకలునే వాడుకుంటాయి. పీహెచ్‌పీలో 'టైమ్‌జోన్_వెర్షన్_గెట్' అని అడిగితే మన దగ్గరున్న నకలు ఏ నాటిదో చెబుతుంది. నాది 2022 నాటిది. ఈజిప్ట్ మార్పు చేరింది 2023ఎ వెర్షన్‌లో.

'టైమ్‌జోన్‌డీబీ' ఎక్స్‌టెన్షన్ కొత్తది వేసి, సర్వర్ రీస్టార్ట్ చేశాను. వెర్షన్ నంబరు ఒక్కటే చూసి వదల్లేదు. ఏప్రిల్ 28న కైరో తేడా ఎంత అని అడిగాను. మునుపు రెండు గంటలన్నది, ఇప్పుడు మూడన్నది. అల్‌హందులిల్లా.

రంజాన్‌లో ఇంకా హోషియార్‌గా ఉండాలి. మొరాకో రంజాన్ నెలకు గడియారం గంట వెనక్కి తిప్పుతుంది. 2023 రంజాన్‌లో లెబనాన్ గంట మార్పును వాయిదా వేసి, కొద్ది రోజులకే ఆ ఫైసలా వెనక్కి తీసుకుంది. ఆ ఒక్క మార్చిలోనే ఖాతాకు మూడు వెర్షన్లు వచ్చాయి.

అమ్మీకి ఇదంతా చెబితే, "గడియారం కన్నా సూరజ్‌ని నమ్మాడు, రోజా దక్కింది" అంది.

నిజమే. కానీ అలారం నమ్మి కళ్లు మూసుకుని ఖజూర్ నోట్లో వేసుకునేవాళ్లూ ఉంటారు. వాళ్ల రోజా నా చేతిలో అమానత్. అందుకే షాబాన్ నెల రాగానే ముందుగా సర్వర్‌ను అడుగుతున్నాను: నీ ఖాతా ఏ నాటిది?