టక్కుమనేదాకా ఆగాలి

పసుపు ఎండిందో లేదో చూడటానికి మా బాపుకు ఒక పద్ధతి ఉండేది. వాకిట్లో ఆరబోసిన కుప్పలోంచి ఒక కొమ్ము తీసి, చెవి దగ్గర పెట్టుకుని విరిచేవాడు. ‘టక్’మని చప్పుడైతే ఎండినట్టు. మెత్తగా వంగితే ఇంకా పచ్చి ఉన్నట్టు. ‘‘ఇంక రెండు దినాలు ఎండనియ్యుండ్రి’’ అనేవాడు. ధర బాగుందని పక్కింటివాళ్లు బస్తాలు ఎత్తుతున్నా సరే, ఆయన కదిలేవాడు కాదు.

ఆర్మూరులో పుట్టి పెరిగిన నాకు ఆ ‘టక్’ విలువ ముప్పై ఆరేళ్లొచ్చాక గానీ తెలియలేదు. అదీ... ఉన్న రెండు కాళ్లతో మూడు పడవలు ఎక్కాక!

మొదటి పడవ కొత్త ఇల్లు. తాత కట్టిన గూనపెంకుల ఇల్లు కురుస్తోందని, ఆ జాగాలోనే స్లాబ్ ఇల్లు మొదలుపెట్టాం. నా ఉద్యోగం హైదరాబాద్‌లో. వీక్లీ ఆఫ్ రోజు తెల్లవారకముందే బస్సెక్కితే నాలుగు గంటల ప్రయాణం. సిమెంటు, సలాక, ఇసుక లెక్కలు తేలేసరికి పొద్దుగూకేది.

రెండో పడవ ఇంటి సర్వర్. పేరు చూసి ఏదో పెద్ద యంత్రం అనుకోకండి. రాత్రింబవళ్లు ఆన్‌లో ఉండి, అడిగిన ఫైలు అడిగినవాళ్లకు అందించే కంప్యూటర్ ఏదైనా సర్వరే. మూలన పడున్న పాత డెస్క్‌టాప్‌లో లైనక్స్ వేసి, రెండు హార్డ్‌డిస్కులు బిగించాను. ఇంటిల్లిపాది ఫొటోలూ అందులోనే. దుబాయ్‌లో ఉన్న తమ్ముడు అక్కణ్నుంచే పిల్లర్లు ఎంతవరకు లేచాయో చూసుకునేవాడు.

మూడోది బొమ్మలు. ఆర్మూరు నుంచి గోదావరి దాటి ఓ గంట వెళ్తే నిర్మల్. కొయ్యబొమ్మలకీ, చిత్రాలకీ పేరున్న ఊరు. కథనం రాయడానికి వెళ్లి, సన్నటి కుంచెతో ఒక పెద్దాయన కనురెప్ప గీయడం చూశాను. అంతే, మినియేచర్ల పిచ్చి పట్టుకుంది. చిన్న బొమ్మ కాబట్టి మినియేచర్ అన్నారనుకునేవాణ్ని. కాదట. ‘మినియం’ అంటే లాటిన్‌లో ఎర్రటి సీసపు రంగు. చేతిరాత పుస్తకాల్లో ఆ రంగుతో వేసే బొమ్మలకు వచ్చిన పేరు అది. వచ్చేటప్పుడు ఆ పెద్దాయన ఒకే మాట చెప్పారు. ‘‘ఒక పూత ఆరకముందే రెండోది ముట్టకు సారూ, బురదైతది.’’

పగలు ఆఫీసు, సాయంత్రం మేస్త్రీ ఫోన్లు, పిల్ల పడుకున్నాక సర్వర్, ఆ తర్వాత కుంచె. ‘‘మీరు ఇల్లు కడుతున్నారా, ఇల్లు వదిలేశారా?’’ అని మా ఆవిడ అడిగింది. నవ్వి ఊరుకున్నాను. అప్పుడే ఆగి ఉండాల్సింది.

స్లాబ్ పడిన రోజు. పొద్దున్నుంచి రాత్రిదాకా నిలబడే ఉన్నాను. రాత్రి బస్సుకే తిరిగొచ్చి, ఒంటిగంటకు కొత్త ఫొటోలు ఎక్కిద్దామని సర్వర్ ముందు కూర్చున్నాను. డిస్కులో చోటు లేదంది. ‘ఇల్లు పాతవి’ అనే ఫోల్డర్ కనిపించింది. పాత బిల్లులే కదా అని తీసేసి, ఆ జాగాలో కొత్త ఫొటోలు నింపి పడుకున్నాను.

బిల్లులున్న ఫోల్డర్ పేరు ‘పాత ఇల్లువి’ అని తెల్లారి చూశాను.

నేను తీసేసింది కూల్చకముందు తీసిన మా పాత ఇంటి ఫొటోలు. నాలుగు వందల పైచిలుకు. అర్రలు, దూలాలు, తులసి గద్దె... అన్నిటికన్నా ముఖ్యం, దర్వాజ పక్క గోడ మీద బాపు బొగ్గుతో రాసుకున్న పసుపు బస్తాల లెక్కలు. బాపు లేడు. గోడా లేదు. ఇప్పుడు ఆ ఫొటో కూడా లేదు.

రెండు డిస్కులున్నాయిగా అంటారేమో! ఒకదాంట్లో ఏం జరిగితే రెండోదాంట్లోనూ అదే జరిగేలా పెట్టాను. ఒక డిస్కు చెడిపోతే రెండోది కాపాడుతుంది. మన చెయ్యే చెడిపోతే ఏదీ కాపాడదు. అద్దం ముందు మీసం గీసుకుంటే అద్దంలో మనిషికీ మీసం పోతుంది కదా! పోయిన ఫైళ్లను వెతికే సాఫ్ట్‌వేర్లు వాడాను. ఆ చోటు మీదే కొత్త ఫొటోలు రాసేసరికి పాతవి చెరిగిపోయాయి.

వారం రోజులు అమ్మకు చెప్పలేదు. తమ్ముడికి చెబితే కాసేపు మాట్లాడలేదు. తర్వాత తన ఫోన్‌లో దాచుకున్నవి పంపాడు. పదకొండు. ఒకదాంట్లో, ఓ అంచున, మసగ్గా... బాపు అంకెలు!

వచ్చే వారం ఆర్మూరు వెళ్లేసరికి అమ్మ స్లాబ్ మీద ఉంది. పొలంలో మడులు కట్టినట్టు సిమెంటు గట్లు కట్టి నీళ్లు నిలిపారు. జరిగింది చెప్పాను. ఏమీ అనలేదు. పైపు పక్క మడిలోకి మార్చి, ‘‘గంత ఆగం ఎందుకురా కొడుకా? స్లాబుకు ఇన్ని దినాలు నీళ్లు పట్టాలె అని నువ్వే చెప్తివి గదా’’ అంది.

నిజమే. కాంక్రీటు లెక్కించిన బలానికి రావడానికి 28 రోజులు పడుతుంది. తొందరపడి తడి ఆపితే పగుళ్లు. రంగు ఆరకముందు ముట్టుకుంటే బురద. పసుపు ఎండకముందు బస్తాకెత్తితే బూజు. మూడు పనులు పెట్టుకోవడం నా తప్పు కాదు. ఏ పనికీ ఆరే టైం ఇవ్వకపోవడం తప్పు.

ఇప్పుడు రోజూ మూడూ చేయను. ఒకటి ఆరుతున్నప్పుడు ఇంకొకటి. సర్వర్‌లో తీసేయాలనుకున్నదేదైనా ముందు ‘ఆరబెట్టు’ అనే ఫోల్డర్‌లోకి వెళ్తుంది. నెల రోజులు అక్కడే ఉంటుంది. పీటర్ క్రోగ్ అనే అమెరికన్ ఫొటోగ్రాఫర్ ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 లెక్క కూడా పాటిస్తున్నాను. కాపీలు మూడు, సాధనాలు రెండు రకాలు, ఒక కాపీ వేరే చోట. మా మూడో కాపీ ఆర్మూరులో అమ్మ బీరువాలో, పట్టుచీరల కింద ఉంది.

2025 సంక్రాంతి రోజు నిజామాబాద్‌లో జాతీయ పసుపు బోర్డు ప్రారంభమైందని టీవీలో చూసి అమ్మ, ‘‘మీ బాపు ఉంటే ఇయ్యాల వాకిట్ల కూసుండి పేపర్ సదివేటోడు’’ అంది. ఆ వాకిలినే బొమ్మ వేయడం మొదలుపెట్టాను. అరచేయంత కాగితం. ఆధారం ఆ పదకొండు ఫొటోలు, అమ్మ జ్ఞాపకం. ‘‘తులసి గద్దె గిటు గాదు, అటు’’ అంటే మళ్లీ వేశాను. ఆరబోసిన పసుపుకు మన పసుపే పూశాను. కిటికీ పక్కన పెడితే కొన్నాళ్లకే వెలిసిపోయింది. ‘‘పసుపు బట్ట ఎండకేస్తే రంగు ఉంటదారా?’’ అని అమ్మ నవ్వింది. షాపు రంగు తెచ్చి మళ్లీ పూత పూశాను. నాలుగు నెలలు పట్టింది.

తమ్ముడికి ఇరవై రోజులే సెలవు దొరికింది. గోడల ప్లాస్టరింగ్ ఇంకా తడిగానే ఉంది. రంగులు ఆగుతాయి, తమ్ముడి సెలవు ఆగదు. ఆ బూడిదరంగు గోడల మధ్యే పాలు పొంగించాం. దర్వాజ పక్కన ఆ చిన్న బొమ్మ తగిలించాం. అందులో బాపు అంకెలున్నాయి. చదవాలంటే దగ్గరికెళ్లి నిలబడాలి. తమ్ముడు చాలాసేపు అక్కడే నిలబడ్డాడు.

వచ్చిన చుట్టాలు ‘‘రంగులెయ్యలేదేంది?’’ అని అడుగుతూనే ఉన్నారు.

అమ్మ అందరికీ ఒకటే జవాబు చెప్పింది.

‘‘గోడలు ఇంకా ఆరలే. ఆరనియ్యుండ్రి.’’