పదిహేను రూపాయల పుస్తకం

మొన్న పండక్కి వచ్చిన మా బావమరిది బాంకి ఉద్యోగి. దేన్ని చూసినా జమా ఖర్చులే కనిపిస్తాయి అతనికి. "ఎఫ్ఎమ్ స్టేషన్లు ప్రకటనలతో వాటి ఖర్చు అవే రాబట్టుకుంటున్నాయి. ప్రజల పన్నులతో ఇంకా ఆకాశవాణిని పోషించడం దేనికి, బావా?" అన్నాడు.

వంటింట్లో మా అమ్మ ట్రాన్సిస్టరు టక్కున ఆగిపోయింది. అమ్మకు కోపం వస్తే మాట్లాడదు, గిన్నెలు మాట్లాడతాయి.

పొలం పనుల కార్యక్రమానికీ, సంస్కృత వార్తలకీ ఏ సబ్బుల కంపెనీ డబ్బిస్తుందయ్యా అన్నాను. కృష్ణశాస్త్రిగారూ, రజనిగారూ రేడియో కోసం రాసినవి లేకపోతే గేయ నాటికలంటూ మా క్లాసులో నేను చెప్పుకోడానికి మిగిలేది కొంచెమే అన్నాను. అతను నవ్వి, "అవన్నీ పాత అప్పులు" అన్నాడు.

అప్పుడు అమ్మ వాళ్ళ నాన్నగారి లైసెన్సు పుస్తకం తెచ్చి బల్లమీద పెట్టింది. 1985లో ఎత్తేసేదాకా, ఇంట్లో రేడియో వుంటే పోస్టాఫీసులో ఏటా రుసుము కట్టవలసిందే. తాతగారు ఆఖరున కట్టినది పదిహేను రూపాయలు. కట్టి ఊరుకునే మనిషి కాదాయన. వార్తల్లో మాట తప్పు పలికితే కార్డు, హరికథ మధ్యలో ఆపేస్తే కార్డు. "డబ్బిచ్చేది మనం, చెప్పవద్దూ?" అనేవారట.

"1975లో మానేశారు" అంది అమ్మ.

ఎమర్జెన్సీ. రేడియో ఒక్క గొంతుతో మాట్లాడిన రోజులు. తాతగారు భయపడి మానారో, విసిగి మానారో అమ్మకూ తెలియదు. రుసుము మాత్రం కడుతూనే వున్నారు, ముద్రలు వున్నాయిగా!

నాకు జంకు కలిగింది ఇక్కడే. ఆకాశవాణికి స్వతంత్రం ఇస్తామన్న ప్రసార భారతి చట్టం 1990లో వచ్చి, 1997 దాకా అమలుకు నోచుకోలేదు. గాలిలోని తరంగాలు ప్రజల సొత్తని 1995లో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా డబ్బు సంచి ప్రభుత్వం చేతిలోనే వున్నది. రేడియో వుండాలనే నేనంటాను. కాని సొంతదారుణ్ణి నేనని నాకే గుర్తులేదు.

అమ్మ ఇంకా తేలిగ్గా అడిగింది: "నీ జీతంలోనూ పన్ను కోస్తున్నారుగా? నువ్వెన్ని కార్డులు రాశావురా?"

బావమరిది పకపకా నవ్వాడు.

మర్నాడు పొద్దున వార్తల్లో "అర్థం" కాస్తా "అర్ధం" అయిపోయింది. కార్డు కోసం బీరువా అంతా వెతికాను. ఇంట్లో ఒక్కటీ లేదు.