ఉల్లిగడ్డను నల్లబడనివ్వండి

అమెరికాలో మనవాళ్ల ఇళ్లలో భోజనానికి కూర్చున్నప్పుడు నాకు తరచు ఒకటే అనిపిస్తుంది: కూరకు రంగు లేదు. కారం ఉంది, మసాలా ఉంది, పైన కొత్తిమీర ఉంది, అడుగున ఉండాల్సిన బలమే లేదు. వండినవాళ్లకూ అది తెలుస్తుంది. ఇక్కడి టమాటాలో పులుపు లేదంటారు, ధనియాలు పాతబడ్డాయంటారు, ఊరి నుంచి ఎవరొస్తున్నా గరంమసాలా తెమ్మంటారు. నా మట్టుకు నాకు లోపం ఉల్లిగడ్డ దగ్గరే కనిపిస్తుంది. దాన్ని మనం ఇక్కడ సగంలో వదిలేస్తున్నాం.

వదిలేయడానికి కారణాలున్నాయి, అవి చిన్నవేమీ కావు. మేముండేది డెట్రాయిట్ శివార్లలో. నవంబరు నుంచి మార్చి దాకా కిటికీ తెరవలేం. అపార్టుమెంట్లలో పొయ్యి పైన బిగించిన ఫ్యాను చాలాచోట్ల పొగను బయటికి పంపదు. ఒక జాలీ గుండా లాగి మళ్లీ వంటింట్లోకే వదులుతుంది. కాస్త పొగ లేచిందంటే స్మోక్ అలారం మోగుతుంది. ఆపైన వాసన. రేపు ఆఫీసుకూ, పిల్లలు బడికీ అవే కోట్లు వేసుకుని వెళ్లాలి. అందుకని పది మందికి వండే రోజు గరాజ్ తలుపెత్తి, అక్కడ విడిగా పొయ్యి పెట్టుకునేవాళ్లున్నారు. రోజువారీ కూరకు మాత్రం ఉల్లిముక్క మెత్తబడిందో లేదో టమాటా వేసేస్తారు. టమాటా పడితే నీళ్లు చేరినట్టే. ఇక ఆ ముక్క ఎర్రబడదు.

ఉల్లిగడ్డలో దాదాపు 89 శాతం నీరే. ఆ నీరు పోయేదాకా ముక్క వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. రంగు బాగా తిరగాలంటే 140 డిగ్రీలు దాటాలి. అప్పుడు అందులోని చక్కెరలు, మాంసకృత్తుల తాలూకు అమైనో ఆమ్లాలతో కలిసి కొత్త రంగులూ కొత్త వాసనలూ పుట్టిస్తాయి. ఈ సంగతిని 1912లో ఫ్రెంచి శాస్త్రవేత్త లూయీ కామీ మయార్ వివరించాడు కాబట్టి దానికి ఆయన పేరే పెట్టారు. దాంతోపాటు చక్కెర తనంతట తాను పాకంలా ఎర్రబడటం వేరే జరుగుతుంది. వంటల పుస్తకాల్లో ‘పది నిమిషాలు ఎర్రగా వేయించండి’ అని రాసి ఉంటుంది. కిలో ఉల్లిగడ్డలు సన్నని మంట మీద నిజంగా ఎర్రబడాలంటే ముప్పావు గంట నుంచి గంట పడుతుంది. దిగేసరికి పావుకిలో, ఇంకాస్త మిగులుతుంది.

వెడల్పు గిన్నె, మందపాటి అడుగు, ముందుగా ఉప్పు. ఉప్పు నీటిని లాగుతుంది. మొదట మూత పెట్టి మగ్గనిచ్చి, తర్వాత మూత తీసెయ్యాలి. అడుగు అంటుకోవడం మొదలయ్యాక చెంచాడు నీళ్లు చల్లి, అట్లకాడతో గీకి, ఆ అంటుకున్నదాన్ని మళ్లీ ముక్కలకే పట్టించాలి. రుచి ఉండేది అందులోనే. పంచదార అక్కర్లేదు. వంటసోడా చిటికెడు వేస్తే తొందరగా రంగొస్తుంది, నిజమే. ముక్క మాత్రం గుజ్జయిపోతుంది. గ్రేవీకైతే సరే, పైన చల్లుకోవడానికి పనికిరాదు.

ఇదంతా ఎంత దూరం తీసుకెళ్లవచ్చో నాకు చూపించింది మా వీధిలోని ఒక లెబనాన్ పెద్దావిడ. మా పిల్లలు ఆవిణ్ణి ఖాల్తో అంటారు. అక్కడ పిన్నిని పిలిచే పిలుపు అది. పక్కనే ఉన్న డియర్‌బోర్న్‌లో అరబ్బు కుటుంబాలు ఫోర్డ్ కార్ల ఫ్యాక్టరీలో పనికి వచ్చి, 1920ల నుంచీ స్థిరపడుతూ వచ్చాయి. వాళ్ల ఇళ్లలో ముజద్దరా అనే వంటకం ఉంది. పొట్టుతో ఉన్న మసూర్‌పప్పు, బియ్యమో గోధుమరవ్వో, ఉల్లిగడ్డ, ఆలివ్ నూనె, ఉప్పు. అంతే. 1226 నాటి బాగ్దాదు వంటల పుస్తకంలోనే దాని ప్రస్తావన ఉంది. ఖాల్తోది దక్షిణ లెబనాన్. అక్కడివాళ్లు చేసేది ఎర్ర ముజద్దరా, రవ్వతో.

ఆవిడ వంటింట్లో నేను పక్కన నిలబడి చూశాను. ఉల్లిముక్కలు ఎర్రబడ్డాయి; ఇక చాలనుకున్నాను. ఆవిడ కలుపుతూనే ఉన్నారు. ముదురు ఎరుపు దాటింది. చివర్లు నల్లబడ్డాయి. మాడుతోంది కదా అని అడిగితే, ఇంకా కాలేదన్నట్టు తల ఊపారు. సరిగ్గా ఏ క్షణాన చేదు మొదలవుతుందో, దానికి ఒక్క అడుగు ముందు, పప్పు ఉడికిన నీళ్లు అందులో పోసేశారు. పెద్ద చప్పుడుతో ఆవిరి లేచింది. నీళ్లన్నీ కాఫీ రంగుకు తిరిగాయి. ఉల్లిగడ్డ దాదాపు కరిగిపోయింది. రవ్వ ఆ నీళ్లలోనే ఉడికింది. జీలకర్ర లేదు, మిరియం లేదు, మసాలా అన్నదే లేదు. తింటే మాంసం కూర తిన్నంత నిండుగా ఉంది. తరిగేటప్పుడు మన కళ్లు మండించే గంధకపు పదార్థాలే వేడికి మారి, మాంసపు రసం లాంటి రుచినిస్తాయట. ఆ రోజు నోటికి తెలిసింది.

కాల్చడం వేరే విద్య. వేయించేటప్పుడు నీరంతా బయటికి పోవాలి; కాల్చేటప్పుడు నీరు లోపలే ఉండాలి. పై పొరలు బొగ్గవుతుంటే లోపలి పొరలు తమ నీటిలో తామే ఉడుకుతాయి. కర్నూలు జిల్లాలో మా అవ్వ జొన్నరొట్టెలు కాల్చడం అయ్యాక, పొయ్యిలో మిగిలిన నిప్పుల్లో పొట్టు తీయని ఉల్లిగడ్డలు కప్పెట్టేది. చెయ్యి కాలకుండా బయటికి లాగి, నల్లటి పై పొర ఒలిచి, ఎండుమిరపకాయలు, చింతపండు, తెల్లగడ్డలు, ఉప్పుతో రోట్లో కచ్చాపచ్చాగా దంచేది. తిరగమోత కూడా పెట్టేది కాదు. ఒలిచాక నీళ్లతో కడగనిచ్చేది కాదు. అక్కడక్కడ అంటుకున్న నలుపు ఉండాలనేది. ఆ మాటను నేనిక్కడ అక్షరాలా పాటిస్తాను, ఎందుకంటే కడిగితే పొగవాసన నీళ్లతోనే పోతుంది. హైదరాబాద్ బగారా బైంగన్‌కూ ఉల్లిగడ్డను పెనం మీద కాల్చి, వేయించిన పల్లీలు, నువ్వులు, కొబ్బరితో నూరుతారు. పచ్చి ఉల్లి నూరి నూనెలో వేస్తే ఆ కూర రాదు. ఎంత నూనె పోసినా పచ్చివాసన ఎక్కడో మిగిలిపోతుంది.

నిప్పుల్లేని ఇంట్లో దారి ఏమిటంటే ఇనప పెనం. టెనెస్సీలో 1896 నుంచి పోత ఇనుము పాత్రలు చేస్తున్న లాడ్జ్ వాళ్ల పెనం ఇక్కడ ఏ దుకాణంలోనైనా దొరుకుతుంది, ధరా తక్కువే. ఉల్లిగడ్డను పొట్టు తీయకుండా అడ్డంగా రెండు చెక్కలు చేసి, కోసిన వైపు కిందికి పెట్టి, మధ్యస్థ మంట మీద వదిలెయ్యాలి. నూనె చుక్క కూడా వద్దు. ఎక్కువ పొగ వచ్చేది నూనె వల్లే. పొడి పెనమైతే అలారం భయం చాలావరకు తగ్గుతుంది. పది నిమిషాల దాకా కదపకూడదు. తీసి చూస్తే కోసిన ముఖం నల్లగా, దాని వెనక పొరలు మెత్తగా ఉంటాయి. వియత్నాంవాళ్లు ఫో చారుకు ఉల్లిగడ్డనూ అల్లాన్నీ ఇలా నల్లగా కాల్చే వేస్తారు. ఫ్రెంచివాళ్లు ఎముకల చారుకు రంగు తేవడానికి సగం ఉల్లిగడ్డను మాడ్చి వేసే పద్ధతి ఉంది. నేను ఆ చెక్కను పప్పుచారులో వేస్తాను. చింతపండు పులుపుకు ఆ పొగ తగిలితే చారు మారిపోతుంది.

ఉల్లిగడ్డ ఎంపిక గురించి కూడా చెప్పాలి. జార్జియా నుంచి వచ్చే విడేలియా తియ్యగా ఉంటుందని చాలామంది దాన్నే కొంటారు. గంధకం తక్కువున్న నేలలో పండటం వల్ల దానికి ఘాటు తక్కువ, అందుకే తీపి పైకి తెలుస్తుంది. పచ్చిగా పెరుగన్నంలో కొరుక్కోవడానికి బాగుంటుంది. వేయించడానికి మాత్రం అన్నిటికంటే చవకగా సంచుల్లో అమ్మే మామూలు పసుపుపచ్చ ఉల్లిగడ్డే మేలు: నీరు తక్కువ, ఘాటు ఎక్కువ, ఆ ఘాటే తర్వాత రుచిగా మారుతుంది. బిర్యానీ బిరిస్తాకూ అదే వాడతాను. పొట్లాల్లో దొరికే వేయించిన ఉల్లిలో గోధుమపిండి కలిపినవి చాలా ఉంటాయి, అట్ట వెనక చదివి చూడండి. ఇంట్లో చేసుకుంటే కావలసిన రంగుకు ఒక ఛాయ ముందే నూనెలోంచి తీసి కాగితం మీద పలచగా పరచాలి. మిగిలిన రంగు లోపలి వేడికే వస్తుంది.

వాసన సంగతి ఇంతకుముందే ఒప్పుకున్నాను. అది మన పిల్లల బట్టలకు అంటుతుందని కూరనే పలచన చేయడానికి నాకు మనసొప్పదు. కోట్లు అల్మారాలో పెట్టి, పడకగదుల తలుపులు వేసి, ఆదివారం మధ్యాహ్నం రెండు కిలోలు ఒకేసారి మొదలుపెడతాను. గంటన్నర పనే, కానీ దగ్గరే నిలబడాల్సింది చివరి భాగంలోనే. చల్లారాక ఐసు ట్రేలలో నింపి ఫ్రీజర్లో పెట్టుకుంటే ఆ వారమంతా పొగ లేదు. వంకాయ కూరకు రెండు ముక్కలు, కోడికూరకు నాలుగు. పప్పుచారుకు మాత్రం ఇవి వద్దు. అందులోకి కాల్చిన చెక్కే.